మా ఇంటి మీట ఆదోనిలో

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. ఎమ్మిగనూరు బస్టాండులో రెండు చినుకులు పడితే, నేను ఇంటికొచ్చి చెప్పేసరికి అవి జడివాన అవుతాయి. సాయంత్రం టీ బంకు దగ్గర చెప్పేసరికి తుంగభద్ర గట్టు తెగుతుంది. ఇది జబ్బని నా భార్య అంటుంది. నేత ఊళ్ళో పుట్టినవాణ్ణి, గుడ్డ కొంచెం సాగకపోతే నాకు తృప్తి ఉండదు. కాబట్టి కింద రాసిన దాంట్లో ఏ బరువు కనిపించినా సగం చేసుకోండి, ఏ కోపం కనిపించినా పావు చేసుకోండి. నా భార్య కోపాన్ని మాత్రం ఉన్నదున్నట్టే ఉంచండి. దాన్ని పెంచే శక్తి నాకు లేదు.

మా ఇంట్లో సంపాదించే ప్రాణి ఒక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్. దాన్ని నడిపేది నా భార్య. నేను పత్రికలకు అప్పుడప్పుడు హాస్యం రాస్తాను, మిగతా కాలమంతా సూదుల్లోకి దారం ఎక్కిస్తాను. హాలులో మూడొంతులు ఆ మిషనే ఉంటుంది. మిగిలిన ఒక వంతులో మేము కాపురం చేస్తున్నాం. చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళికూతుళ్ళందరి వీపుల మీదా నెమళ్ళూ ఏనుగులూ పల్లకీలూ నడిపించేది ఈ మిషనే. ఇది నడుస్తుంటే వచ్చే చప్పుడుకు మా వీధిలో ఎవరూ మధ్యాహ్నం నిద్రపోయి ఎరగరు. ఇప్పుడు వాళ్ళకు అది లేకపోతే నిద్రే పట్టదు.

ఈ మిషన్‌కు ఒక పట్టుదల ఉంది. మొదలుపెట్టిన డిజైను మధ్యలో కరెంటు పోకూడదు. పోతే, వచ్చాక ఆగిన కుట్టు దగ్గరే మొదలవుతుంది గానీ, వెంట్రుకవాసి పక్కకు జరిగి మొదలవుతుంది. ఆ వెంట్రుకవాసి లతలో వస్తే ఎవరూ పట్టించుకోరు. నెమలి మెడలో వచ్చిందంటే మాత్రం ఆ నెమలిని ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే. అందుకే మిద్దె మీద సోలార్ పలకలు వేయించి, మెట్ల కింద గోడకు ఒక లిథియం బ్యాటరీ బిగించుకున్నాం. అది బీరువా తలుపంత ఉంటుంది, బరువు ముర్రా దూడంత. ముఖాన అయిదు పచ్చ దీపాలు. నిండుగా ఉంటే అయిదూ వెలుగుతాయి, వాడేకొద్దీ ఒక్కోటీ ఆరుతుంది.

కంపెనీవాళ్ళు చాలా ఏళ్ళకు వారంటీ ఇచ్చారు. ఆ వారంటీ మా పెళ్ళి కంటే గట్టిదని నేను అంటే, నా భార్య కాదనలేదు. అలాంటిది పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం పచ్చ దీపాలన్నీ ఆరిపోయి ఒక్క ఎర్ర దీపం వెలిగింది. కర్నూలు నుంచి మెకానిక్ వచ్చాడు. నా వయసువాడే. కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని, కళ్ళద్దాల కోసం సంచిలో వెతికే మనిషి. చెయ్యి పెట్టి చూసి, దీన్ని తీసుకుపోతామన్నాడు. బదులుగా వచ్చేది కొత్తది కాదు, రీఫర్బిష్డ్ అన్నాడు.

"అంటే ఏమప్పా?" అని నా భార్య అడిగింది.

"ఎవురింట్లోనో సెడిపోయి వచ్చింటాది గదమ్మా, దాన్ని బాగుజేసి మీకిస్తారు. మీదాన్ని బాగుజేసి ఇంగొకరికిస్తారు. కొత్తదానికీ దానికీ తేడా ఉండదు."

"తేడా లేకుంటే కొత్తదే ఇయ్యొచ్చు గదా?"

ఆయన కళ్ళద్దాలు దొరకనట్టు మళ్ళీ సంచిలోకి తల పెట్టాడు.

"నేనొకామె రవిక సెడగొడితే, ఇంగొకామె రవికకు అతుకేసి 'ఇదో తీస్కోమ్మా' అంటే ఊరుకుంటుందా అప్పా?" అంది నా భార్య.

"రవికలకు వారంటీ లేదు గదమ్మా," అన్నాడు ఆయన. వాదనలో ఆమెను నిరుత్తరురాలిని చేసిన మొదటి మగవాడు ఆయనే. ఆ గౌరవంతో టీ ఇచ్చి పంపించాం.

కొన్ని వారాలకు బదులు బ్యాటరీ వచ్చింది. తుడిచి రంగేసి పంపించారేమో, చూడ్డానికి మా పాతదానికంటే బాగుంది. నా భార్య దానికి బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, ఎవరింటి దిష్టి ఉన్నా పోవాలని మూడుసార్లు తిప్పింది. మెకానిక్ దాన్ని గోడకు ఎక్కించి, ఫోనులో కనిపించడానికి కొంచెం సమయం పడుతుంది, దాని కడుపులో సిమ్ము ఉంది, అదే చూసుకుంటుంది అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఫోను సంగతి ఇక్కడ చెప్పాలి. ఈ బ్యాటరీలకు ఫోనులో ఒక యాప్ ఉంటుంది. ఎంత నిండింది, ఎంత వాడారు, ఏ గంటలో వాడారు, అన్నీ కనిపిస్తాయి. అందులో ఒక గీత ఉంటుంది. బ్యాటరీలో ఇంత భాగం ముట్టుకోకుండా దాచిపెట్టు అని చెప్పే గీత. దాన్ని పైకి జరిపితే బ్యాటరీ పిసినారి అవుతుంది. కిందికి జరిపితే దానకర్ణుడు. పాతది చెడిపోయినప్పటి నుంచి నా ఫోనులో యాప్ చచ్చిపడి ఉంది. కొత్తగా వచ్చింది గోడకెక్కిన కొన్నాళ్ళకు ఒక పొద్దున ఉన్నట్టుండి లేచి కూర్చుంది. నేను పరమానందపడ్డాను. ఆ రోజు నుంచి ఇల్లు నడిపే బాధ్యత నా చూపుడువేలు తీసుకుంది. గీతను అట్టడుగుకు జరిపేశాను. ఉన్నదంతా పగలే వాడుకో తల్లీ, మిషన్‌కు పెట్టు అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. గోడ మీద అయిదు దీపాలూ వెలుగుతున్నాయి. కాసేపటికి ఒకటి ఆరింది. అది ఆరిన మరుక్షణం మిషన్ ఆగిపోయింది. నాలుగు దీపాల నిండా కరెంటు పెట్టుకుని ఆ బ్యాటరీ మాకు చుక్క కూడా విదల్చలేదు. అదృష్టం, ఆ రోజు ఫ్రేములో ఉన్నది నా భార్య సొంత రవిక గుడ్డ. నెమలికి తోక వచ్చింది, రెక్కలు వచ్చాయి, మెడ దాకా వచ్చింది. తల రాలేదు.

"నీ ఫోన్లో ఏమో గీత అడుక్కు తోసినా అంటాండావు," అంది ఆమె ఆ గుడ్డను నా ముఖానికి ఎదురుగా పట్టుకుని. "ఈడ సూడు, దీనికి తల యాడ?"

నా ఫోనులో ఇంకో వింత ఉంది. రోజూ తెల్లవారకముందే మా ఇంట్లో కరెంటు జోరుగా వాడుతున్నట్టు కనిపిస్తోంది. ఆ వేళకు మా ఇంట్లో బల్లి కూడా లేవదు. పక్కింటివాళ్ళు వైరు లాగారేమోనని పగలంతా గోడ వెంబడి తడుముతూ తిరిగాను. రెండు చీమలబారులు దొరికాయి. నా భార్య మాత్రం ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది.

"అది పాతింటి అలవాటు," అంది. "ఆ ఇంట్లోవాళ్ళు తెల్లారకముందే లేస్తారేమో. మధ్యాన్నం ఏమీ వాడరేమో. మనింట్లో గూడా అట్లనే సేస్తాంది. కొత్త కోడలికి అత్తగారింటి వేళలు తెలిసేదానికి కొన్నాళ్ళు పట్టదా?"

వినడానికి నవ్వు రావచ్చు గానీ, మేమిద్దరం దాన్ని నమ్మాం. కంపెనీకి ఫోను చేయాలని తట్టకపోవడానికి ఇదే కారణం. బ్యాటరీని మా అలవాట్లకు మళ్ళించే పనిలో పడ్డాం. రోజూ మధ్యాహ్నం అదే సమయానికి మిషన్‌ను ఉత్తగా తిప్పి చూపించాం. పొద్దున పూజలో దానికి కూడా ఒక పువ్వు పెట్టాం. నేను మెట్ల కింద కూర్చుని దానితో నాలుగు మంచి మాటలు మాట్లాడాను. ఇవేవీ పెంచి చెబుతున్నవి కావు. మాటలు నాలుగు కాదు, ఆరేడు ఉంటాయి.

ఇలా ఉండగా నందవరం నుంచి ఒక రైతు ఇల్లాలు వచ్చింది. కూతురి పెళ్ళి దగ్గరపడింది. ముహూర్తపు పట్టుచీరతో వచ్చిన రవిక ముక్కను ఒడిలో పెట్టుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. వీపు మీద ఎదురెదురుగా రెండు నెమళ్ళు, మధ్యలో పల్లకి కావాలంది. ఆ ముక్క ఒక్కటే. చెడిపోతే ఆ రంగులో ఆ అంచుతో ఇంకోటి నేసేవాడు లేడు.

"మొన్న మా చుట్టాలామె ఆదోనిలో ఇచ్చింటే ఏనుగును పంది మాదిరి కుట్టిచ్చినారమ్మా," అంది ఆమె. "అందుకే నీ దగ్గరికి వచ్చినా. నా బిడ్డ వీపు నీ సేతిలో పెడ్తాండా."

నా భార్య గుడ్డను చేతిలోకి తీసుకుంది, వెలుతురుకు పట్టి చూసింది, బీరువాలో పెట్టి తాళం వేసింది. బ్యాటరీ బుద్ధి మారేదాకా దీన్ని ఫ్రేముకు ఎక్కించనని నాతో చెప్పింది. ఆమె ఈ పని మొదలుపెట్టి సంపాదించుకున్న మంచిపేరంతా ఆ మూరెడు పట్టు మీద ఉంది. నెమలి మెడ విరిగితే, ఆ మాట నందవరం బస్సెక్కి ఊరూరా దిగుతుంది. ముహూర్తం దగ్గరపడుతోంది. కస్టమర్ కేర్‌కు ఫోను చేయడం మొదలుపెట్టాను. అందులో మనిషి గొంతు దొరకడం, జొన్నగిరి చేలల్లో వాన వెలిశాక వజ్రం దొరికినట్టే. దొరికినవాళ్ళ కథలు విన్నాను గానీ, నాకు మాత్రం సంగీతమే దొరికింది.

అప్పుడు ఒక పొద్దున ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన గళ్ళ తువ్వాలు, అరవై దాటిన పెద్దమనిషి. ఫోనును నిండు నీళ్ళ గిన్నెలా రెండు చేతులా పట్టుకుని, దాన్నే చూస్తూ ఒక్కో అడుగే వేసుకుంటూ మా వాకిట్లోకి వచ్చి ఆగాడు.

"ఈ ఇల్లేనా?" అన్నాడు.

"ఏ ఇల్లన్నా?"

"నా బ్యాటరీ ఉండే ఇల్లు."

నేను ఆయన్ను లోపలికి రమ్మన్నాను. మా ఊళ్ళో ఎవరైనా ఎంత వింత మాట అన్నా, ముందు కూర్చోబెట్టి నీళ్ళివ్వాలి. ఆయన నీళ్ళు తాగి ఫోను నా ముందు పెట్టాడు. తెర మీద ఒక పటం, పటం మీద ఒక నీలి చుక్క.

"సుక్క మీ ఇంటి మీదనే ఉండాది సూడప్పా. ఆదోని నుంచి బస్సెక్కి దీన్నే సూసుకుంటా వచ్చినా. మీ వీధిలోనే రెండిండ్లు తట్టినా. ఒకామె చీటీ వసూలుకు వచ్చినా అనుకొని, ఇంట్లో ఎవురూ ల్యారని లోపల్నుంచి ఆమే సెప్పింది."

ఆయన ఆదోని పత్తి మార్కెట్‌లో వ్యాపారం చేసి, ఇప్పుడు కొడుకులకు అప్పజెప్పి ఇంటిపట్టున ఉంటున్నాడట. ఆయన బ్యాటరీ కూడా ఎండాకాలంలోనే ఎర్ర దీపం పెట్టింది. కంపెనీవాళ్ళు తీసుకుపోయి, బదులు ఇంకోటి బిగించారు. కొన్నాళ్ళకు ఆయన ఫోనులో కూడా యాప్ లేచి కూర్చుంది.

"మా ఇంట్లోదే అనుకుంటిమి," అన్నాడు. "అయితే మధ్యాన్నమైతే సాలు, దడదడా దిగిపోతాంది. మధ్యాన్నం మా ఇంట్లో నేను, మా ఇంటామె, ఒక ఫ్యాను. అంత కరెంటు తాగేదానికి మేమేమన్నా జిన్నింగు మిల్లు నడుపుతాండామా? అందుకని నేను గీత పైకి నూకినా. రాత్రికి మిగలాల గదా. రోజూ దిగుతాంది, రోజూ పైకి నూకుతాండా. నిన్న మా మనవరాలు ఈ పటం తీసి సూపిచ్చింది. 'తాతా, నీ బ్యాటరీ ఎమ్మిగనూర్లో ఉండాది' అని."

నా భార్య కత్తెర చేతిలో పట్టుకుని హాలు గుమ్మంలోకి వచ్చింది.

"గీత పైకి నూకింది మీరేనా అన్నా?"

"నేనే అమ్మా."

"అయితే మా నెమలి తల తీసింది మీరే."

ఆయన కత్తెరను చూశాడు. "తోబా తోబా. నేను కోడిని గూడా సొంతంగా కోయలేనమ్మా, అంగట్లో కోపిచ్చుకుంటా. నీ నెమలిని నేనేల ముడతా?"

తల లేని నెమలిని తెచ్చి చూపించింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, తోక మాత్రం బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఆ మాటతో నా భార్య కత్తెర పక్కన పెట్టింది. కానీ ఆయన అసలు బాధ అప్పుడే బయటికి వచ్చింది. పగలంతా గీత పైకి నూకినా, రాత్రయ్యేసరికి వాళ్ళింట్లో బ్యాటరీ వట్టిపోతోందట. కరెంటు పోతే ఫ్యాను తిరగడం లేదు. ఆయన భార్య విసనకర్ర పట్టుకుంటోంది, దాంతో విసురుకోవడం సగం, ఆయన్ను బెదిరించడం సగం.

నాకు నా ఫోనులోని వింత గుర్తొచ్చింది. "అన్నా, మీ ఇంట్లో తెల్లారకముందే ఏమన్నా వాడతారా?" అన్నాను.

"నమాజుకు లేస్తాం గదా. మోటరేసి నీళ్ళు ఎక్కిస్తాం. నీకెట్ల తెల్సు?"

నా ఫోను తీసి చూపించాను. తెల్లవారకముందు ఎత్తుగా లేచిన వాడకపు గీతను ఆయన దగ్గరగా చూశాడు. పెళ్ళి ఫొటోలో తన పిల్లవాణ్ణి గుర్తుపట్టినవాడిలా ముఖం వెలిగిపోయింది. "ఇది మా మోటరే!" అన్నాడు.

చిక్కంతా విడిపోయింది. వాళ్ళింట్లో చెడిపోయిన బ్యాటరీని బాగుచేసి మాకిచ్చారు. మాదాన్ని బాగుచేసి వాళ్ళకిచ్చారు. బాగుచేసినవాళ్ళు లోపల అన్నీ మార్చారు గానీ, యజమాని పేరు తుడవడం మరిచారు. కాబట్టి ఆయన ఫోనుకు మా ఇల్లు కనిపిస్తోంది, నా ఫోనుకు ఆయన ఇల్లు. ఆయన రాత్రి ఫ్యాను కోసం పొదుపు చేస్తూ మా మిషన్ గొంతు పిసుకుతున్నాడు. నేను మిషన్ కోసం దానధర్మం చేస్తూ ఆయన ఫ్యానును ఎండగడుతున్నాను. ఇన్నాళ్ళూ ఇద్దరం పొద్దున లేచి ఒకరి సంసారం ఒకరు నిష్ఠగా చెడగొట్టుకున్నాం.

వెంటనే మెకానిక్‌కు ఫోను చేశాం. పేర్లు మార్చడం ఆయన చేతిలో లేదన్నాడు, పైవాళ్ళు చేయాలి, వాళ్ళు చేసేసరికి వచ్చే నెల అవుతుందన్నాడు. పెళ్ళి ఈ నెలలోనే. రెండు బ్యాటరీలనూ ఆటోలో వేసి మార్చుకుందామని ఆదోని పెద్దమనిషి ఉత్సాహపడ్డాడు. మెట్ల కిందికి వెళ్ళి దాన్ని ఒకసారి కదిపి చూసి, ఉత్సాహం అక్కడే వదిలేసి వచ్చాడు. మేమిద్దరం పటాలూ లెక్కలూ వేసుకుంటుంటే నా భార్య ఆయన ఫోను అడిగి తీసుకుని, ఆయన ఇంటికి కలిపి, స్పీకరు పెట్టింది.

"వదినా, నేను ఎమ్మిగనూరు నుంచి మాట్లాడతాండా. మీ బ్యాటరీ మా ఇంట్లో ఉండాది."

"తెల్సమ్మా, పొద్దున్నే ఆ ఫోను ఎత్తుకొని లేసిపోయినాడు. ఏమన్నా తిన్నాడా?"

"పెడ్తా. వదినా, నాకు మిషన్ పెట్టినప్పుడు గీత కిందికి దిగల్ల. నీకు రాత్రికి ఫ్యాను తిరగల్ల. అంతే గదా?"

"అంతేనమ్మా. ఈ మాత్రం దానికి ఈయన బస్సెక్కినాడా?"

"మగోళ్ళకు యాడన్నా నొక్కేది కనపడితే సాలు వదినా, ఏలు ఊరుకోదు."

ఆ పక్కనుంచి వచ్చిన నవ్వుకు ఆదోని కొండ కొంచెం కదిలింది. ఆదోని పెద్దమనిషి, నేను ఎదురెదురుగా కూర్చుని గోడవైపు చూశాం.

ఒప్పందం కుదిరింది. నా ఫోనులో గీతను ఆదోని వదిన చెప్పినచోట పెట్టి, ఇక ముట్టుకోకూడదు. నా భార్య ఫ్రేము ఎక్కించే ముందు ఆదోనికి ఫోను చేస్తుంది, వాళ్ళు గీత దించుతారు. పని అయ్యాక పైకి జరుపుకోవచ్చు. ఆయన మా ఇంట్లో భోంచేసి, తల లేని నెమలిని అడిగి మరీ తీసుకుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. ఆ తరువాత చిన్నాచితకా రవికలు నాలుగైదు ఈ పద్ధతిలోనే అయ్యాయి. నా భార్యకు ధైర్యం వచ్చింది.

పెళ్ళి రవికకు శుక్రవారం ఎంచుకుంది. మా ఇంట్లో శుక్రవారం మంచి రోజు. ఆదోనిలో వాళ్ళకూ శుక్రవారం మంచి రోజే. చిక్కు అక్కడే వచ్చింది.

పొద్దున ఫోను చేస్తే ఆదోని పెద్దమనిషి గీత దించానన్నాడు. నా భార్య మిషన్‌కు దండం పెట్టి మొదలుపెట్టింది. నందవరం ఇల్లాలు చూడ్డానికి వచ్చి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. మొదటి నెమలి తోక విప్పింది, మెడ ఎత్తింది, ముక్కు తెరిచింది. మధ్యలో పల్లకి వచ్చింది. రెండో నెమలి తోక అయి, మెడ మొదలవుతుండగా కరెంటు పోయింది. బ్యాటరీ అందుకుంది. నేను మెట్ల కిందికి వెళ్ళి దీపాలు చూశాను. అయిదూ వెలుగుతున్నాయి. ధైర్యానికి ఆమె మళ్ళీ ఆదోనికి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

జరిగింది తరువాత తెలిసింది. ఆయన స్నానం చేసి, జుమ్మా నమాజుకు తయారై, అత్తరు రాసుకుంటూ ఫోను వైపు ఒకసారి చూశాడు. కరెంటు దిగుతున్నట్టు కనిపించింది. అంతే, పాత అలవాటు, వేలు దానంతటదే వెళ్ళి గీతను పైకి నూకేసింది. ఫోను మోగకుండా గొంతు నొక్కి, వంటింటి గట్టు మీద ఛార్జింగుకు పెట్టి, మసీదుకు వెళ్ళిపోయాడు.

ఈ సంగతి మాకు తెలియకపోయినా అయిదో దీపం మినుకు మినుకుమంటుంటే నా భార్యకు అర్థమైపోయింది. అది ఆరిందంటే మిషన్ ఆగుతుంది. సూది రెండో నెమలి మెడలో ఉంది. ఇప్పుడు ఆపినా లాభం లేదు, కరెంటు పూర్తిగా పోతే మళ్ళీ వచ్చాక సూది ఆ వెంట్రుకవాసి జరగక మానదు.

"ఏమమ్మా, అట్ల సూస్తాండావు?" అంది నందవరం ఇల్లాలు.

"ఏం లేదక్కా. నీళ్ళు తాగుతావా?" అంది నా భార్య. ఆమె చేతిలో ఫోను ఆదోనికి మోగుతూనే ఉంది.

ఇలాంటి సమయాల్లోనే మనిషి విలువ తెలుస్తుంది. నేను ఏమాత్రం తొణకలేదు. నా ఫోను తీశాను. ఇందులో ఉన్నది ఆదోని ఇల్లు. గీత కాక ఇంకో మీట ఉంది, ఇంటికి పోయే కరెంటును మొత్తంగా ఆపే మీట. ఇన్నాళ్ళూ దాని జోలికి ఎవరూ పోలేదు. ఆ ఇల్లు ఆరిపోతే లోపల ఉన్నవాళ్ళు ఏదో జరిగిందని చూస్తారు. సేనాధిపతి ఫిరంగి పేల్చమన్నట్టుగా వేలెత్తి, నొక్కాను. ముప్పై కిలోమీటర్ల అవతల ఆదోనిలో ఒక ఇల్లు ఆరిపోయింది.

వంటింట్లో ఆదోని వదిన తల మీద ఫ్యాను నిలబడిపోయింది. అదే సమయంలో గట్టు మీద ఛార్జింగు తెగిన ఫోను ఒక్కసారి వెలిగింది. ఆమె చూసింది. మా ఇంటి నుంచి వచ్చిన ఫోన్లు తెర నిండా ఉన్నాయి. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. గీతను తెచ్చి అడుగున పెట్టేసింది.

మా మెట్ల కింద అయిదో దీపం ఆరింది. నా గుండె ఆగింది, మిషన్ ఆగలేదు. టకటకా మెడ ఎక్కింది, తల కుట్టింది, కన్ను పెట్టింది, ముక్కు తిప్పింది. నా భార్య కుర్చీలో కూలబడి, ఆదోని ఇంటికి కరెంటు తిరిగి ఇవ్వమంది. మాటల్లో పడి ఆ సంగతి సాయంత్రం దాకా మరిచాం.

నందవరం ఇల్లాలు రవికను వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ పక్క నెమలి రవంత లావైనట్టుంది గదమ్మా," అంది.

"పెండ్లింటి నెమలి గదక్కా," అంది నా భార్య, "తినింటాది."

ఆమె పగలబడి నవ్వింది. పెళ్ళికి మమ్మల్ని పిలిచింది. ఆదోని దంపతులు కూడా వచ్చారు. ఆయన మండపంలో ముందు వరసలో నిలబడి పెళ్ళికూతురి వీపును అందరికీ చూపిస్తూ, రెండో నెమలి తల తన వల్ల కొంచెంలో తప్పిపోయేదని గొప్పగా చెప్పుకున్నాడు. పేర్లు మార్చమని మేము పెట్టుకున్న అర్జీ ఇంకా పైవాళ్ళ దగ్గరే ఉంది.

ఇక నా సంగతి. బ్యాటరీ ముర్రా దూడంత లేదు. ఆదోని కొండ కదలలేదు. సంగీతం విన్నమాట నిజం. నెమలి, కోడి, పటం మీద చుక్క, ఛార్జింగు తెగి వెలిగిన ఫోను, ఇవన్నీ జరిగినవే, కొంచెం సాగదీశాను అంతే. అచ్చంగా కల్పించింది ఒక్క చోటే. ఆ మీట నొక్కింది నేను కాదు. ఆ సమయంలో నేను కస్టమర్ కేర్‌కు ఫోను పెట్టుకుని మెట్ల కింద సంగీతం వింటూ నిలబడి ఉన్నాను. నా భార్య వచ్చి నా చేతిలోంచి ఫోను లాక్కుని, సంగీతం కట్ చేసి, అంతకుముందు ఎప్పుడూ ముట్టుకోని ఆ యాప్ తెరిచి, ఆదోనిని ఆర్పింది. నేను కూడా ఊరికే నిలబడలేదు.

"వద్దే, వారంటీ పోతాది," అన్నాను.